ఇరవై ఒకటో కిస్తీ

రెండువేల ఇరవై రెండు జూన్‌లో నన్ను మొయినాబాద్ శాఖకు మేనేజరుగా వేశారు. బ్యాంకు లెక్కలో అది స్కేల్ టూ హోదా. అంటే మన సంతకానికి కొంత విలువ ఉంటుంది గాని, ఒక హద్దు దాటితే దాని పక్కన రీజినల్ ఆఫీసు సంతకం కూడా పడాలి. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉంది. నేను అడిగింది మెహదీపట్నం, వాళ్లు ఇస్తామన్నది తాండూరు. అటు కొంత నేను దిగి, ఇటు కొంత వాళ్లు దిగి, చివరికి మొయినాబాద్ దగ్గర బేరం తెగింది. బదిలీ ఆర్డరును కూడా బేరమాడి తెచ్చుకున్న మేడం అని స్టాఫ్ చెప్పుకునేవారట. అందులో అబద్ధం లేదు.

ఆ గుణం నేను నేర్చుకున్నది కాదు, అందులోనే పెరిగాను. చేవెళ్లలో మా బాపుది గిన్నెల దుకాణం. ఒక పక్క చిన్నాన్న కిరాణం, ఇంకో పక్క మేనమామ బట్టల కొట్టు. మా ఇళ్లలో ధర అంటే మాట మొదలుపెట్టడానికి చెప్పే అంకె, అంతే. మందుల దుకాణంలో కూడా "ఎంతకిస్తవు?" అని అడిగిన మనిషిని నేను. కూరగాయల అంగడిలో మా ఆయన నాకంటె చాలా ముందు నడుస్తాడు. ఆరోగ్యం కోసమని చెబుతాడు. నన్ను ఎరగనట్టు కనబడాలని నాకు తెలుసు.

మొయినాబాద్ శాఖ ఖాతాదారుల్లో పూలు, కూరగాయలు పండించే రైతులున్నారు, ఇంజనీరింగ్ కాలేజీల ఉద్యోగులున్నారు, ఫామ్‌హౌస్‌లు కట్టుకున్న నగరంవాళ్లున్నారు. వీళ్లందరి ఫంక్షన్ల మీద బతికే టెంట్‌హౌస్‌లు, డెకరేషన్‌వాళ్లు, వంటవాళ్లు వేరే. నా కింద అసిస్టెంట్ మేనేజరు ప్రసాద్. వాళ్ల నాన్న ఉద్యోగం మీద భీమవరం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ప్రసాద్ గండిపేట దగ్గర అపార్ట్‌మెంటులో ఉండేవాడు. పనిమంతుడు, కాస్త తిండిపోతు.

క్రెడిట్ కార్డుల విషయంలో శాఖ పాత్ర ఎంతో ముందు చెప్పాలి. దరఖాస్తు తీసుకోవడం, ఆధారాలు సరిచూడడం, పంపించడం, అంతవరకే మా పని. కార్డు ఇచ్చేది, బిల్లు పంపేది, వసూలు చేసేది వేరే నగరంలో ఉన్న కార్డు కేంద్రం. ఆ ఖాతా మా కంప్యూటరులో తెరుచుకోదు. రూపాయి తగ్గించే అధికారం కూడా మాకు లేదు. సంబంధం కుదిర్చిన మనిషికి ఆ తరవాత ఆ ఇంటి సంగతుల్లో ఎంత మాట ఉంటుందో, మాకూ అంతే ఉండేది.

ఆ ఏడాది అక్టోబరులో ఒక మధ్యాహ్నం బాల్‌రాజ్ మిఠాయి డబ్బాతో వచ్చాడు. మొయినాబాద్‌లో అతనికి టెంట్‌హౌస్ ఉంది. కుర్చీలు, షామియానాలు, పెద్ద వంటలకు వాడే గంజులు కిరాయికి ఇస్తాడు. నలభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడతాడు. అంతకు రెండు నెలల ముందు సామాను మోసే ట్రాలీ కోసం లోను దరఖాస్తు పెట్టుకున్నాడు. సురంగల్ దిక్కు ఒక ఫామ్‌హౌస్ యజమాని, సొంత బండి ఉంటే ఆ పెళ్లిళ్ల సీజన్ ఫంక్షన్లన్నీ నీకే ఇస్తానని అతనికి మాటిచ్చాడు. కిరాయి బండ్లు వేళకు రావని ఆయన బాధ. కాని బాల్‌రాజ్ పరపతి నివేదికలో కార్డు బాకీ పెద్దగా కనబడింది. అలాంటి నివేదిక ప్రతి మనిషి అప్పుల చరిత్రనూ చూపిస్తుంది. దాన్ని చూడకుండా ఏ బ్యాంకూ లోను ఇవ్వదు. ముందు కార్డు సంగతి తేల్చుకో, తరవాత దరఖాస్తు కదులుతుంది అని నేనే చెప్పి పంపాను.

"తేలిపోయింది మేడం," అంటూ డబ్బా మూత తీశాడు. లోపల బాలుషాలు. వాటి మీద కాగితం, కాగితం మీద రెండు ముక్కలుగా కత్తిరించిన కార్డు. "ఇరవై నెలలు. ఒక్క నెల తప్పలే. కరోనా మల్ల వచ్చినప్పుడు గూడ తప్పలే. ఇగ బండి కాయిదాలు తీయుండ్రి."

మా వైపు చిట్టి తీరిన నెలలో చిట్టి నడిపే మనిషి అందరికీ చాయ, మిఠాయి ఇవ్వడం మామూలే. అదే పద్ధతిలో తెచ్చాడనుకొని నేనూ ఒకటి తీసుకున్నాను. ప్రసాద్ అప్పటికే రెండోదాని మీద ఉన్నాడు. తింటూనే బాల్‌రాజ్ ఫోను తీసుకొని కార్డు యాప్ తెరిచాడు. నమలడం ఆపేశాడు.

"బాల్‌రాజ్ గారూ, ఇంకా లక్షా ముప్పై మూడు వేలు చూపిస్తోందండీ."

"తప్పు చూపిస్తున్నది సార్. జర బంద్ చేసి మల్ల తెరువుండ్రి."

ప్రసాద్ బంద్ చేసి మళ్లీ తెరిచాడు. అంకె మారలేదు.

జరిగిందేమిటో నాకు అప్పుడు తెలిసింది. ఇరవై నెలల కింద, ఫంక్షన్లు మళ్లీ మొదలవుతున్నాయన్న ఆశతో బాల్‌రాజ్ బేగం బజారుకు పోయి కుర్చీలు, తివాచీలు, పెద్ద గంజులు కొన్నాడు. మొత్తం లక్షా ఎనభై వేలు కార్డు మీద గీకాడు. కార్డు అయితే రెండు శాతం ఎక్కువ పడుతుందని దుకాణదారు ఆ మేరకు పైన వేసుకున్నాడు. అదే వడ్డీ కాబోలు, ముందే కోసుకున్నారు అనుకున్నాడు బాల్‌రాజ్. మొదటి బిల్లు వచ్చింది. అందులో కనీసం కట్టవలసింది తొమ్మిది వేలు అని ఉంది.

చిట్టీలు ఎరిగినవాళ్లకు ఇక్కడే అర్థమైపోతుంది. ఇరవై మంది కలిసి ఇరవై నెలల చిట్టి వేసుకుంటారు. నెలనెలా పాట జరుగుతుంది. ఎవరు ఎక్కువ వదులుకుంటే వాళ్లు ఆ నెల సొమ్ము ఎత్తుకుంటారు. ఎత్తుకున్న మనిషికి నష్టం ఆ రోజే అయిపోతుంది, ఆ తరవాత మిగిలింది ఇరవై నెలలు నిండేదాకా కిస్తీ కట్టడమే. బాల్‌రాజ్ పద్దెనిమిదో ఏట నుంచి చిట్టీలు వేస్తున్న మనిషి. కొన్నది లక్షా ఎనభై వేలు. కట్టమన్నది తొమ్మిది వేలు. తొమ్మిది ఇరవైలు వేసి చూసుకుంటే రూపాయి తేడా లేకుండా కలిసింది. రెండు శాతం పాటలో పోయిన సొమ్మనుకున్నాడు, బ్యాంకును చిట్టి నడిపే మనిషనుకున్నాడు. లెక్క అంత చక్కగా కుదిరినప్పుడు ఇంకొకరిని అడగాలని ఎవరికి తోస్తుంది? నాకైనా తోచేది కాదు. ఆ తరవాతి నెలల్లో బిల్లు కొంచెం తక్కువే అడిగినా, కిస్తీ మారకూడదని అతను తొమ్మిది వేలే కడుతూ పోయాడు.

నేను కాగితం మీద వేసి చూపించాను. కార్డులో కనీస చెల్లింపు అంటే సాధారణంగా బాకీలో ఇరవయ్యో వంతు. అది కడితే ఎగవేతదారు కారు, అంతవరకే. మిగిలిన బాకీ మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ, ఆ వడ్డీ మీద పన్ను. మొదటి నెల కట్టిన తొమ్మిది వేలలో ఏడు వేలకు పైగా వాటికే పోయింది. అసలులో తగ్గింది పదిహేను వందల చిల్లర.

బాల్‌రాజ్ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. "అంటే నేను కట్టింది కిస్తీ కాదా మేడం?"

"కాదు."

"మరేంది?"

"ఎక్కువ భాగం కిరాయి. నీ దగ్గర కుర్చీలు తీస్కపోయినోడు ఎన్ని దినాలు కిరాయి కట్టినా కుర్చీ వానిదైతదా? గట్లనే. వాళ్ల పైసలు నీ తాన ఉంచుకున్నందుకు కిరాయి కట్టినవు."

ఆ మాట అతనికి సూటిగా తగిలింది. నేను అనుకున్న దానికంటె గట్టిగా తగిలింది. లేచి వెళ్లిపోయాడు. మిఠాయి డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. ప్రసాద్ మూత పెట్టి పక్కకు జరిపాడు. అతను తిండి మీద మూత పెట్టడం నేను అంతకు ముందు చూడలేదు.

మర్నాడు కౌంటరు తెరవకముందే బాల్‌రాజ్ భార్య సునీత వచ్చింది. టెంట్‌హౌస్‌లో అడ్వాన్సులు తీసుకునేది, కిరాయిలు వసూలు చేసేది ఆమే. ఆమె కూర్చోలేదు.

"మేడం, మీరు మంచిగ చెప్పిన్రు, మా ఆయన ఇంటికొచ్చి అన్నం తినలే. కట్టింది లక్షా ఎనభై, ఇంక లక్షా ముప్పై అంటే ఎవలు ఊకుంటరు? ఇగ మేం ఒక్క పైస కట్టం. కేసు పెట్టుకుంటరో ఏం జేస్కుంటరో చేస్కోమనుండ్రి."

గండిపేట రోడ్డు మీద కార్డు బాకీలు సెటిల్ చేయిస్తానని చిన్న గది తీసుకొని కూర్చున్న ఒక మనిషిని అప్పటికే కలిసివచ్చారట. అతని ఉపాయం ఇది. ఆర్నెల్లు ఏమీ కట్టకండి. ఫోన్లు వస్తాయి, ఎత్తకండి. ఇంటికి మనుషులు వస్తారు, నా నంబరు ఇవ్వండి. వాళ్లు విసిగిపోయి సగానికి దిగుతారు, ఆ సగం కట్టి కాగితం తీసుకోండి. ఇంత చేసినందుకు అతనికి పది వేలు. అందులో రెండు వేలు బాల్‌రాజ్ ముందే చేతిలో పెట్టాడు.

నిజం చెప్పాలంటే, సగం అన్న మాట చెవిన పడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. వస్తువేదైనా సరే, సగానికి దిగిందంటే కొనకుండా వచ్చే వంశం కాదు మాది. ఆ పని చెయ్యొద్దని చెప్పవలసిన కుర్చీలో నేను కూర్చున్నాను, లోపల మాత్రం మా చిన్నాన్న "సగంలో ఇంకో సగానికి అడుగు" అంటున్నాడు.

ఆ నెల బిల్లు గడువుకు ఇంకా వారం ఉంది. తొందరపడి ఏమీ తెంచుకోవద్దని, ఈలోగా నేనే గోదాముకు వస్తానని సునీతకు చెప్పాను. లోను ఇచ్చే ముందు వ్యాపారస్థలం కళ్లారా చూసిరావడం మేనేజరు విధి. దాన్ని మేము యూనిట్ విజిట్ అంటాం. కాబట్టి వెళ్లడానికి సాకు వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది.

గోదాము ఊరి చివర, రేకుల షెడ్డు. నేను వెళ్లేసరికి పాత సామాను కొనేవాడు కాంటా వేలాడదీసి ఉన్నాడు. పక్కన పెద్ద గంజులు వరసగా బోర్లించి ఉన్నాయి. ఒక్కోదాంట్లో రెండు మూడు వందల మందికి బిర్యానీ వండవచ్చు. అన్నీ అమ్మి ఒకేసారి కార్డు తీర్చేస్తానని బాల్‌రాజ్ బయలుదేరాడు. సునీత కట్టేదే లేదంటోంది. ఇంట్లో ఇద్దరూ చెరో దారిన ఉన్నారు.

గంజుల దగ్గరికి వస్తే నేను బ్యాంకు మనిషినన్న సంగతి మరిచిపోతాను. కిలో ఎంతకు అడుగుతున్నాడో కనుక్కున్నాను. విన్నాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పెండ్లిండ్ల సీజన్ ముంగట వంట గంజులు అమ్ముకుంటే ఏం కిరాయికిస్తవ్ బాల్‌రాజ్, మూతలా?" అన్నాను. కొనేవాడు నా వైపు గుర్రుగా చూసి కాంటా విప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఆ వరసలో ఒక గంజుకు అడుగున అతుకు ఉంది. దాన్ని తిప్పి చూపించి, ఇది ఎంతకు పోతుందని బాల్‌రాజ్‌ను అడిగాను.

"దానికి సగం గూడ రాదు మేడం. అతుకు పడ్డది."

"కారుతదా?"

"సుక్క కారదు."

"వంట కాదా?"

"అన్నిట్ల కంటె మంచిగైతది. మందం ఎక్కువ."

"మరి సగం ఎందుకు?"

"అతుకు కనబడుతది గద."

నేను ఆ గంజు మీదనే కూర్చొని వాళ్లిద్దరికీ చెప్పాను. సగానికి సెటిల్ చేసుకుంటే అప్పు తీరుతుంది, అది అబద్ధం కాదు. కట్టే దారి ఏదీ లేనివాళ్లకు అదొక్కటే మార్గం కావచ్చు. కాని నివేదికలో ఆ ఖాతా ఎదురుగా 'పూర్తిగా కట్టాడు' అని పడదు, 'సెటిల్డ్' అని పడుతుంది. ఏళ్ల తరబడి అది అక్కడే ఉంటుంది. లోను ఇచ్చేవాడు ఎవడైనా ముందు ఆ అతుకునే చూస్తాడు. దానికి ముందు కట్టని ఆర్నెల్లు ఒక్కొక్కటిగా విడిగా కనబడతాయి. ఆర్నెల్ల తరవాత ట్రాలీ అడిగితే నేనే కాదు, ఎవరూ ఇవ్వరు. అప్పటికి సురంగల్ ఆసామి ఇంకొకరిని పెట్టుకుంటాడు.

సునీత అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "పూర్తిగా కడితే మాకేమొస్తది అక్కా? మెడల్ ఏస్తరా?"

కోపంలోనే మేడం పోయి అక్క వచ్చింది. నాకది మంచి సూచనగా తోచింది. "మెడల్ రాదు. నీ పెనిమిటి ఇరవై నెలలు ఒక్క దినం ఆలస్యం లేకుండ కట్టిండు. కరోనాల పెద్ద పెద్దోళ్లు ఆగిన్రు, ఈయన ఆగలే. అది నివేదికల ఉన్నది. రీజినల్ ఆఫీసుకు నేను పట్టుకపోయేటందుకు నా చేతిల ఉన్నది అదొక్కటే. ఈ నెల ఆపిండ్రనుకో, నేను ఒట్టి చేతులతో పోవాలె."

"అయితే తగ్గించమని అడుగొద్దా? మీరు కొత్తిమీర కట్టకు గూడ బేరం చేస్తరంటరు!"

శాఖ కబుర్లు గోదాముల దాకా వస్తాయని అప్పుడు తెలిసింది. "అడుగుదాం. అసలు మీద కాదు, వడ్డీ మీద, నెలల మీద అడుగుదాం," అన్నాను.

దీనికి పద్ధతి ఉంది. కార్డులో పేరుకున్న బాకీని తక్కువ వడ్డీకి నెలసరి వాయిదాలుగా మార్చమని కార్డు కేంద్రాన్ని అడగవచ్చు. అడిగినవాళ్లలో చాలామందికి ఇస్తారు, అడగనివాళ్లకు చెప్పరు. అయితే ఖాతా గడువులో ఉండాలి. అంటే ఆ నెల బిల్లు గడువు లోపల కట్టాలి, అప్పుడే మార్పిడి అమలవుతుంది. ఇంకో చిక్కు, కార్డు కేంద్రం కార్డుదారుతోనే మాట్లాడుతుంది. నేను మేనేజరునన్నా వినదు. అందుకని బాల్‌రాజ్ ఫోను స్పీకరులో పెట్టాడు, మాట్లాడేది అతను, చేతులు ఊపేది నేను.

అవతల ఒక అమ్మాయి, హిందీలో మర్యాదగా మాట్లాడింది. ముందు మూడేళ్ల వాయిదాలు చెప్పింది, నెలకు కట్టేది చాలా తగ్గుతుందని మురిపించింది. బాల్‌రాజ్ ముఖం వెలిగింది. నేను తల అడ్డంగా ఊపాను. నెలలు పెరిగితే కిరాయి పెరుగుతుంది. రెండేళ్లన్నది. మళ్లీ ఊపాను. ఏడాదిన్నర దగ్గర ఆగాం. వడ్డీ ఏడాదికి పద్దెనిమిది శాతం అన్నది. నేను కాగితం మీద పన్నెండు అని రాసి చూపించాను. బాల్‌రాజ్ నా అంకె చూసి తనే సిగ్గుపడి, పన్నెండు అనలేక పద్నాలుగు అన్నాడు. ఆమె పైవాళ్లను అడగాలని లైనులో ఉంచింది. ఫోనులో మోగే పాట వింటూ షెడ్డు కింద ముగ్గురం చెమటలు కక్కుకున్నాం. పదిహేనుకు తెగింది. అప్పుడు మార్పిడి రుసుము అంటూ ఇంకో ఖర్చు బయటపడింది. దాని మీద నేను బాల్‌రాజ్ చేత ఆడించిన బేరం, జీవితంలో నేను ఆడిన బేరాలన్నిటిలో పొడవైనది. చివరికి అది మాఫీ అయింది. మిగిలింది కొన్ని వందల రూపాయలే. కాని నేను ఒక ఇల్లు గెలిచినట్టు లేచి నిలబడ్డాను. సునీత నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

నెలకు ఎనిమిదిన్నర వేలకు కొంచెం తక్కువ. అప్పటిదాకా కడుతున్న దానికంటె తక్కువే, ఇప్పుడు మాత్రం తీరేది కిరాయి కాదు, బాకీ.

ఫోను పెట్టబోతుంటే సునీత చెయ్యి పట్టి ఆపింది. "ఆఖరు నెల ఏదో అడుగు."

బాల్‌రాజ్ అడిగాడు. వచ్చే నెల మొదలైతే, రెండువేల ఇరవై నాలుగు ఏప్రిల్ అన్నది ఆ అమ్మాయి. సునీత ఆమె చేత ఇంకోసారి చెప్పించింది. గిన్నెలు తారుమారు కాకుండా టెంట్‌హౌస్‌వాళ్లు ప్రతి గంజు మీద రంగుతో గుర్తు వేసుకుంటారు. ఆ ఎర్ర రంగు డబ్బా తెచ్చి, నేను కూర్చున్న అతుకు గంజు పక్కన గోడ మీద 'ఏప్రిల్' అని పెద్దగా రాసింది.

ఇంత జరిగినా, గడువు రోజు వచ్చేదాకా నాకు నమ్మకం కలగలేదు. ఇరవై నెలలు కట్టి, తీరిందని మిఠాయి పంచిన మనిషి ఇరవై ఒకటో నెల మళ్లీ కట్టడం చిన్న సంగతి కాదు. మాట ఇవ్వడం ఒకటి, సొంత చేత్తో తొమ్మిది వేలు తీసి ఇవ్వడం ఇంకొకటి. సగానికే చేయిస్తానన్నవాడు రోజూ ఫోను చేస్తూనే ఉన్నాడట. గడువు రోజు మధ్యాహ్నం దాటింది, బాల్‌రాజ్ రాలేదు. ఫోను చేద్దామా అని ప్రసాద్ అడిగాడు. వద్దన్నాను. బేరంలో మనం రెండోసారి పిలిస్తే ధర పడిపోతుందని చిన్నప్పటి నుంచి విన్నాను. ఆ సూత్రం ఇక్కడ పనికొస్తుందో లేదో తెలియక మూడు కప్పుల చాయ తాగాను.

కౌంటర్లు మూసేవేళకు భార్యాభర్తలిద్దరూ వచ్చారు. గండిపేట రోడ్డు మనిషి దగ్గర కూర్చొని ఆలస్యమైందట.

"ఇచ్చిన రెండు వేలు అడిగిన మేడం. ఇయ్యనన్నడు. మీ లెక్కనే కూసొని అడిగిన. పదిహేను వందలు వాపసు తెచ్చిన," అన్నాడు బాల్‌రాజ్.

"ఇంకో గడియ కూసుంటే ఆ ఐదు వందలు గూడ వచ్చేటివి. ఈయనకు ఓపిక లేదు," అన్నది సునీత.

తరవాత నా ముందే ఫోను తీసి తొమ్మిది వేలు కట్టాడు. నొక్కే ముందు ఒకసారి ఆగాడు. "ఇది తెల్విల ఉండి కడుతున్న మేడం," అని నొక్కాడు.

ఆ మాట అప్పుడు నాకు పెద్దగా పట్టలేదు. రెండు వారాల తరవాత పనికొచ్చింది.

ట్రాలీ లోనుకు కావలసినంత స్కోరు పరపతి నివేదికలో బాల్‌రాజ్‌కు లేదు. కార్డులో ఇచ్చిన హద్దుకు దగ్గరగా బాకీ నిలిచి ఉండడం దానికి కారణం. నిబంధనకు తక్కువైనప్పుడు కారణాలు రాసి రీజినల్ ఆఫీసు అనుమతి కోరాలి. మా భాషలో దాన్ని డీవియేషన్ నోట్ అంటాం. నేను రాసి, స్వయంగా పట్టుకొని వెళ్లాను. అక్కడ రుణాలు చూసే చీఫ్ మేనేజరు నాకంటె రెండు మెట్లు పై అధికారి, కాగితం చదవకుండా సంతకం పెట్టే రకం కాదు. చదివి ఒకే ప్రశ్న వేశాడు. వడ్డీ అంటే ఏమిటో తెలియకుండా ఇరవై నెలలు కట్టిన మనిషికి ఇంకో అప్పు ఎలా ఇమ్మంటారు?

న్యాయమైన ప్రశ్నే. నేను నివేదికలో నెలవారీ చెల్లింపుల వరసలో చివరి గడి చూపించాను. ఇరవై తెలియక కట్టాడు, ఇరవై ఒకటోది తెలిసి కట్టాడు, కట్టకపోతే సగానికి పోతుందని చెప్పినవాణ్ణి కాదని కట్టాడు అన్నాను. ఆయన ఆ గడి మీద వేలు పెట్టి నెల సరిచూసుకున్నాడు. సంతకం పెట్టాడు గాని, షరతు పెట్టాడు. బండి ఖరీదులో నాలుగో వంతు బాల్‌రాజే వేసుకోవాలి. నేను ఆరో వంతు అన్నాను. ఐదో వంతు దగ్గర తెగింది. లేచి వస్తుంటే, మీరు రిటైరయ్యాక ఈ ఆఫీసు బోసిపోతుంది అన్నాడు. పొగడ్తో కాదో ఇప్పటికీ తెలియదు.

కార్తీకంలో ట్రాలీ వచ్చింది. సురంగల్ ఫామ్‌హౌస్ పనులు ఆ సీజనంతా బాల్‌రాజ్ చేశాడు. రెండు సీజన్లలో ఒక నెల మాత్రం ఇబ్బంది పడ్డాడు. వానకు ఒక పెళ్లి ఆగిపోయి అడ్వాన్సు వాపసు ఇవ్వవలసి వచ్చింది. ఆ నెల వాయిదాకు సునీత ముందే పక్కన పెట్టి ఉంచడంతో గడువు తప్పలేదు. గోదాముకు తనిఖీకి వెళ్లినప్పుడల్లా గోడ మీద ఆ ఎర్ర మాట కనబడేది. ప్రసాద్ కూడా ఎవరికీ చెప్పకుండా తన కార్డు బాకీని వాయిదాల్లోకి మార్చుకున్నాడు. కార్డు కేంద్రానికి ఏ మాట చెబితే రుసుము మాఫీ చేస్తారో నన్ను చెవిలో అడిగినప్పుడు నాకు తెలిసింది.

రెండువేల ఇరవై నాలుగు ఏప్రిల్‌లో, నా పదవీ విరమణకు నెల ముందు, బాల్‌రాజ్ మళ్లీ మిఠాయి డబ్బాతో వచ్చాడు. ఈసారి సునీత కూడా వచ్చింది. ప్రసాద్ నా పక్కనే ఉన్నాడు. ప్రసాద్ చెయ్యి డబ్బా వైపు పోయింది. బాల్‌రాజ్ డబ్బా మీద అరచెయ్యి పెట్టాడు.

"ఆగుండ్రి సార్. ముందు చూడుండ్రి, తర్వాత తినుండ్రి."

ప్రసాద్ యాప్ తెరిచాడు. బాకీ సున్నా. బంద్ చేసి మళ్లీ తెరవమన్నాడు బాల్‌రాజ్. మళ్లీ సున్నా. అప్పుడు మూత తీశాడు.

నేనున్న చివరి నెల, ఆ తరవాత ప్రసాద్ ఉన్నన్నాళ్లు, మా శాఖలో కార్డు దరఖాస్తు చేతికిచ్చే ముందు ఒక ప్రశ్న అడిగేవాళ్లం: దీనికి ఆఖరు నెల ఏది? చాలామంది, అది బ్యాంకువాళ్లే చెబుతారు కదా అనేవారు. చిట్టికి ఆఖరు నెల ముందే ఉంటుంది. లోనుకూ ఉంటుంది. కార్డుకు ఉండదు, కనీస చెల్లింపు కడుతూ పోయినవాడికి అది ఏళ్ల తరబడి రాదు. ఆ నెల పెట్టుకోవలసింది కార్డు వాడే మనిషే. అరవై ఏళ్లు ధరల మీద బేరమాడిన నేను ఉద్యోగం చివర్లో నేర్చుకున్నది ఇది: అప్పులో ముందు తేల్చుకోవలసింది ఎంత అన్నది కాదు, ఎప్పటిదాకా అన్నది.